క్లేమోర్ ఏ ఊరు?
(చదువుల కేంద్రంలో అక్కచెల్లెళ్ల ముందు చేసిన ప్రసంగం)



ఇది కోతల కాలం. పొద్దంతా కయ్యల్లో వంగి పని చేసినారు. అయినా దీపాలు పెట్టే వేళకు పుస్తకం పట్టుకుని వచ్చినారు. కొందరు ఇంటికి కూడా పోకుండా నేరుగా వచ్చినట్టు ఉంది. కొడవళ్లు చేతిలోనే ఉన్నాయి. పక్కన పెట్టండి. కాని మరీ దూరంగా పెట్టవద్దు. ఈ రోజు వాటితో నాకు పని ఉంది.

ఈ రోజు ఒక మాట గురించి చెబుతాను. ఒకే ఒక్క మాట. అది తెలుగు మాట కాదు. నిజానికి అది ఇంగ్లీషులో పుట్టిన మాట కూడా కాదు. సముద్రాల అవతల ఒక కొండ ప్రాంతంలో పుట్టింది. ఎన్నో ఏళ్లు, ఎన్నో దేశాలు తిరిగింది. 2003లో మన తిరుపతి దాకా వచ్చింది. ఆ మాట క్లేమోర్.

మీలో పెద్దవాళ్లకు ఆ రోజు గుర్తు ఉంటుంది. 2003 అక్టోబరు 1. తిరుమలలో బ్రహ్మోత్సవాలు జరుగుతున్నాయి. అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు స్వామికి పట్టువస్త్రాలు ఇవ్వడానికి కొండకు పోతున్నారు. అలిపిరి దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా దారి పక్కన మందుపాతరలు పేలాయి. పీపుల్స్ వార్ నక్సలైట్లు వాటిని పెట్టారు. కారు నుజ్జు అయింది. ముఖ్యమంత్రికి, కారులో ఉన్నవాళ్లకు గాయాలు తగిలాయి. ప్రాణాలతో బయటపడ్డారు.

మరుసటి రోజు పేపర్లన్నిటా ఒకే మాట. క్లేమోర్ మందుపాతరలు. అంతకు ముందు ఆ మాట మన ఊళ్లలో విన్నవాళ్లు ఎంతమంది?

అప్పట్లో మా కేంద్రంలో ఒక చెల్లెలు చదువుకుంటూ ఉండేది. పేరు చెప్పను. అక్షరాలు నేర్చి ఏడాది కూడా కాలేదు. ఆమె భర్త కొండ మీదికి జీపు తోలేవాడు. ఆ రోజు పొద్దున పోయినవాడు చీకటి పడినా రాలేదు. అప్పుడు మన ఇండ్లలో సెల్ ఫోన్లు ఎక్కడివి? దారిన పోయేవాళ్లు తలా ఒక మాట చెప్పినారు. ఒకరు పది మంది చచ్చిపోయినారు అన్నారు. ఇంకొకరు జీపులన్నీ కాలిపోయినాయి అన్నారు. ఆమె పిల్లలను ఒళ్లో పెట్టుకుని గడప మీదనే కూర్చుంది. అర్ధరాత్రి దాటే వేళకు అతను నడిచి వచ్చినాడు. "దోవంతా ఆపేసినారు, యాడికీ పోనీలేదు" అన్నాడట. అంతే. అన్నం కూడా తినకుండా పడుకున్నాడట.

మరుసటి రోజు సాయంత్రం ఆమె కేంద్రానికి వచ్చింది. నేరుగా పోయి పేపరు తీసుకుంది. మామూలుగా పెద్ద అక్షరాలు చదివి పక్కన పెట్టేది. ఆ రోజు చిన్న అక్షరాల జోలికి కూడా పోయింది. వేలు పెట్టి ఒక్కొక్కటే కూడబలుక్కుంది.

"క్లే... మో... ర్... మందు... పాతర."

తల ఎత్తి నన్ను అడిగింది. "అక్కా, మందుపాతర అంటే తెలుసు. ఈ కలెమూరు ఏ ఊరు? సత్యవేడు పక్కనా?"

అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. నవ్వాల్సింది కాదు. ఎందుకంటే ఆమె తప్పుగా ఏమీ ఆలోచించలేదు. మన పక్క పుత్తూరు ఉంది, చిత్తూరు ఉంది, పలమనేరు ఉంది. ఊరి పేరుతో సరుకును పిలుస్తాం. ధర్మవరం చీర అంటాం. గుంటూరు మిరపకాయ అంటాం. అట్లే కలెమూరు మందుపాతర ఉండకూడదా?

మరి ఆ మాటకు అర్థం ఏమిటి? నాకూ తెలియదు. "అది ఇంగ్లీషు మాట లేమ్మా, ముందుకు చదువు" అన్నాను. మనం చదువుకున్నవాళ్లం ఇట్లాంటి మాట చెప్పి తప్పించుకోవడం అలవాటు.

ఆమె ముందుకు చదవలేదు. "అర్థం లేకుండా పేరు పెడతారా అక్కా? మనం దూడక్కూడా రంగు చూసి కదా పేరు పెడతాం" అంది. కొంచెం సేపు ఊరుకుని మళ్లీ అంది. "నా మొగుడు ఆ దోవలోనే ఉన్నాడు. ఆయన మీదికి రాబోయింది ఏందో, దాని పేరేందో నాకు తెలియాల."

ఆ వారంలో నేను తిరుపతి పోయి ఒక గ్రంథాలయంలో పెద్ద నిఘంటువు తీసి చూశాను. తర్వాత కూడా దొరికినప్పుడల్లా చదివాను. అట్లా తెలుసుకుని ఆ చెల్లెలికి చెప్పిన సంగతులే ఈ రోజు మీకూ చెబుతాను.

ఇంగ్లండు పేరు మీరు విన్నారు. మనల్ని ఏలిన తెల్లవాళ్ల దేశం. దానికి ఉత్తరాన, అదే దీవిలో స్కాట్లండు అనే దేశం ఉంది. దాని పై భాగం అంతా కొండలు, లోయలు, చెరువులు. చలి ఎక్కువ. పంట తక్కువ. అక్కడివాళ్లు ఆవులను, గొర్రెలను మేపుకుని బతికేవాళ్లు. ఒక్కొక్క లోయ ఒక్కొక్క వంశానిది. వంశానికి ఒక పెద్ద. ఈ వంశం పశువులను ఆ వంశం తోలుకుపోయేది. మళ్లీ వాళ్లు వచ్చి వీళ్ల మీద పడేవాళ్లు. మన పాలెగాళ్ల కాలం కథలు విన్నవాళ్లకు ఇది కొత్తగా ఉండదు.

ఆ కొండవాళ్ల భాష ఇంగ్లీషు కాదు. గేలిక్ అనే భాష. ఆ భాషలో కత్తిని 'క్లైవ్' అంటారు. పెద్దదాన్ని 'మోర్' అంటారు. మనం 'పెద్ద కత్తి' అంటాం. వాళ్లు తిరగేసి 'కత్తి పెద్ద' అంటారు. క్లైవ్ మోర్. ఇంగ్లీషువాళ్ల నోట్లో పడి అది క్లేమోర్ అయింది.

అంతే. ఇంత గడబిడ చేసిన మాటకు అర్థం పెద్ద కత్తి!

ఇంకొక తమాషా చెబుతాను. ఆ 'క్లైవ్' అనే మాట రాయాలంటే వాళ్ల లిపిలో పది అక్షరాలు రాయాలి. పలికేది మాత్రం ఇంతే. మీరు ఒత్తులు కష్టం, గుణింతాలు కష్టం అని నాతో పోట్లాడుతుంటారు కదా. మన తెలుగులో పలికినట్టే రాస్తాం, రాసినట్టే పలుకుతాం. ఆ కొండ దేశంలో చదువు నేర్చుకునే అమ్మల కష్టం తలచుకోండి.

ఆ కత్తి నిజంగానే పెద్దది. మూడు మూరలకు పైగా పొడవు. అంటే మన పదేళ్ల పిల్ల ఎత్తు ఉంటుంది. బరువు రెండు, రెండున్నర కిలోలు. ఒక చేత్తో తిప్పలేరు. రెండు చేతులతో పట్టుకుని తిప్పాలి. పిడి దగ్గర రెండు ఇనుప కొమ్ములు ముందుకు వాలి ఉంటాయి. ఆ కొమ్ముల చివర నాలుగు రేకుల పువ్వు లాంటి అలంకారం ఉంటుంది. మనిషిని నరికే కత్తికి పువ్వు ఎందుకో! చేసిన కమ్మరికి మనసు ఒప్పలేదేమో. ఇప్పటికీ అక్కడి మ్యూజియంలో ఆ కత్తులు ఉన్నాయి.

సుమారు 1400 నుంచి 1700 వరకు ఆ రెండు చేతుల కత్తులు వాడారు. తర్వాత కత్తి మారింది. ఒక చేత్తో పట్టుకునే కత్తి వచ్చింది. చేతికి దెబ్బ తగలకుండా పిడి చుట్టూ ఇనుప బుట్ట అల్లినట్టు ఉంటుంది. అది అంత పెద్దది కాదు. కాని జనం దాన్ని కూడా పెద్ద కత్తి అనే పిలిచినారు. అది తప్పు పేరు అని పండితులు ఇప్పటికీ వాదులాడుకుంటూ ఉంటారు. నాకైతే ఇందులో వింత ఏమీ కనిపించదు. మన దగ్గర కొత్తపేట అనే ఊళ్లు ఎన్ని లేవు? వందేళ్ల కిందట కొత్తది. ఇండ్లన్నీ పాతబడి కూలినా పేరు కొత్తపేటే.

ఆ కత్తుల కథ 1746లో ముగిసింది. ఏప్రిల్ నెలలో కలోడెన్ అనే మైదానంలో యుద్ధం జరిగింది. కొండవాళ్లు కత్తులు దూసి పరుగెత్తినారు. అవతల ఇంగ్లండు రాజు సైన్యం దగ్గర తుపాకులు, ఫిరంగులు ఉన్నాయి. గంట లోపలే అంతా అయిపోయింది. వందల మంది పడిపోయినారు. ఆ ఏడే చట్టం చేశారు. కొండవాళ్లు ఆయుధం పట్టకూడదు. మగవాళ్లు తమ గళ్ల గుడ్డలు కూడా కట్టకూడదు. ఆ గుడ్డల మీద నిషేధం 1782 దాకా ఉంది. నేత నేసే ఆడవాళ్ల సంగతి ఆలోచించండి. కత్తి పట్టింది మగవాళ్లు. మగ్గం మీద నేసిన గుడ్డ కట్టడం కూడా నేరం అయిపోయింది.

భాషకు కూడా గండం వచ్చింది. 1872లో స్కాట్లండు పిల్లలందరూ బడికి పోవాలని చట్టం వచ్చింది. మంచిదే. కాని ఆ చట్టంలో గేలిక్ మాటే లేదు. ఇంట్లో అమ్మ మాట్లాడేది ఒక భాష, బడిలో పంతులు చెప్పేది ఒక భాష. బడిలో అమ్మ భాష మాట్లాడితే దెబ్బలు పడేవి. 2022లో లెక్క తీసినప్పుడు ఆ దేశంలో 54 లక్షల మంది ఉన్నారు. అందులో గేలిక్ మాట్లాడగలిగినవాళ్లు సుమారు 70 వేలు. 2005లో ఆ భాషను కాపాడడానికి ఒక చట్టం చేశారు. అక్కడి అమ్మలు కొందరు పిల్లలను ఆ భాష నేర్పే బడులకు పంపుతున్నారు.

చూశారా! మాట్లాడేవాళ్లు తగ్గిపోయినారు. కత్తులు మ్యూజియానికి పోయినాయి. కాని ఆ భాషలోని ఒక మాట మాత్రం ప్రపంచం చుట్టి వచ్చింది. అది ఎట్లా?

1950 తర్వాత అమెరికాలో నార్మన్ మాక్లియాడ్ అనే ఆయన ఒక కొత్త రకం మందుపాతర తయారు చేశాడు. మామూలు మందుపాతర భూమిలో ఉంటుంది. తొక్కితే పేలుతుంది. ఇది నేల మీద నిలబెట్టేది. పేలితే ఇనుప గుళ్లు ఒకే వైపుకు, చాటతో గింజలు విసిరినట్టు చిమ్ముతాయి. దానికి ఆయన పాత స్కాట్లండు కత్తి పేరు పెట్టాడు. మాక్లియాడ్ అనేది స్కాట్లండు కొండల్లో ఒక వంశం పేరు. మాక్ అంటే కొడుకు. మనకు ఇంటిపేరు ఉన్నట్టే. అమెరికాలో ఉన్నా ఇంటిపేరు పాత కొండలదే. కొత్త ఆయుధానికి పెట్టిన పేరూ ఆ కొండలదే.

ఆ మందుపాతరలను అమెరికా సైన్యం వియత్నాం యుద్ధంలో వాడింది. తర్వాత ఎక్కడెక్కడో, ఎవరెవరో అదే పద్ధతిలో చేయడం నేర్చుకున్నారు. అలిపిరి దగ్గర పేలినవి అమెరికా నుంచి తెచ్చినవి కావు. ఆ పద్ధతిలో ఇక్కడే చేసుకున్నవి. అయినా పేరు అదే. ఏ కంపెనీ వనస్పతి అయినా మనం డాల్డా అంటాం. ఏ మిషను మీద నకలు తీసినా జెరాక్స్ అంటాం. ఇదీ అంతే.

ఇక్కడ నాకు ఒక మాట అనాలని ఉంది. కత్తి పట్టినవాడికి ఎదుటి మనిషి ముఖం కనబడుతుంది. ఈ మందుపాతర పెట్టినవాడికి కారు కనబడుతుంది. వెనక జీపులో ఎవరున్నారో కనబడదు. కత్తి పేరు దీనికి పెట్టడం నాకు నచ్చలేదు. ఆ చెల్లెలు కూడా ఇదే అంది. "కత్తి అయితే మనిషి చేతిలో ఉంటాది కదక్కా" అంది.

అదే కత్తి మాటకు ఇంకొక చుట్టం ఉంది. వినండి. పాతకాలంలో రోము సైనికులు పట్టిన కత్తిని వాళ్ల భాషలో గ్లాడియస్ అనేవాళ్లు. క్లైవ్, గ్లాడియస్ ఒకే కుదురు నుంచి వచ్చినాయని భాష తెలిసినవాళ్లు అంటారు. గ్లాడియస్ నుంచి గ్లాడియోలస్ అని ఇంకొక మాట పుట్టింది. అంటే చిన్న కత్తి. అది ఏమిటో తెలుసా? ఒక పువ్వు! పెళ్లిళ్లలో పందిరికి పెడతారే, పొడుగాటి కాడకు వరసగా తెల్లవి, ఎర్రవి పూలు ఉంటాయి. అదే. దాని ఆకు కత్తిలా ఉంటుంది. అందుకని ఆ పేరు. పెద్ద కత్తి పోయి మందుపాతర అయింది. చిన్న కత్తి పోయి పెళ్లి పందిట్లో పువ్వు అయింది.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. కత్తికి పేరు పెట్టడం మనకూ ఉంది. కొండ మీద స్వామి కత్తి పేరు నందకం. ఆ మాటను విడదీసి చూడండి. నందం. ఆనందం అనే మాటలో వినబడేది అదే. సంతోషం ఇచ్చేది అని అర్థం. తాళ్లపాక అన్నమయ్య 1408లో పుట్టాడు. ఆ నందకమే అన్నమయ్యగా పుట్టిందని మన పెద్దలు నమ్ముతారు. కత్తి వచ్చి పాటలు కట్టిందన్న మాట!

రాయలసీమ అంటే పేపర్లలో వచ్చే మాట వేటకొడవలి. వేట అంటే అడవిలో వేట అని కొందరు అంటారు. గంగమ్మ జాతరకు కొట్టే పొట్టేలును కూడా వేట అనే అంటాం కదా, అదే అని కొందరు అంటారు. ఏదైనా నరకడమే. దాని గురించి నేను ఎక్కువ చెప్పను. అది ఏ ఇంట్లో ఉంటే ఏమవుతుందో మీకే బాగా తెలుసు.

నాకు ఇష్టమైనది మీ పక్కన ఉంది. ఇప్పుడు మీ కొడవళ్లు చేతిలోకి తీసుకోండి. జాగ్రత్త, పిల్లలున్నారు.

కొడవలి. ఈ మాటను విడదీద్దాం. మన అరవ సరిహద్దులో, నగరి వైపు, సత్యవేడు వైపు ఉన్నవాళ్లకు ఇది తొందరగా అర్థం అవుతుంది. అరవంలో దీన్ని కొడువాళ్ అంటారు. కొడు అంటే వంపు. వాళ్ అంటే కత్తి. వంపు కత్తి! కోసే కొడవలిని అరివాళ్ అని కూడా అంటారు. అరి అంటే కోయడం. కోసే కత్తి. కుప్పం, పలమనేరు వైపు కన్నడం వచ్చినవాళ్లు కుడుగోలు అంటారు. అక్కడ కుడు అంటే వంపు, కోలు అంటే కోల. వంపు కోల. మూడు భాషల అక్కచెల్లెళ్లు ఒకే వంపును చూసి ఒకే రకంగా పేరు పెట్టుకున్నారు.

మన పాత తెలుగులో కూడా వాలు అంటే కత్తి. వీధి నాటకంలో రాజు 'కరవాలం' అని గర్జిస్తాడే, అందులో వినండి. వాలుగంటి అంటే కత్తిలాంటి పొడుగాటి కన్నులున్న ఆడది అని కొందరు పెద్దలు అర్థం చెబుతారు. ఇప్పుడు వాలు అనే మాట విడిగా కత్తికి ఎవరూ వాడడం లేదు. రాజుల కత్తులు పోయినాయి. ఆ మాట మాత్రం మీ కొడవలిలో దాక్కుని ఉంది. ఏడాదికి ఒకసారి కమ్మరి దగ్గర కక్కు పెట్టించి మీరు దాన్ని పదును చేస్తున్నారు.

ఇది చెప్పినప్పుడు ఆ చెల్లెలు కొడవలిని అటూ ఇటూ తిప్పి చూసింది. "అయితే నా చేతిలో ఉండేదీ కత్తేనా అక్కా! ఇన్నేండ్లూ గడ్డి కోసేది అనుకుంటి" అంది. తర్వాత పుస్తకం తీసి రాసుకుంది. నేను చూశాను. మొదటి వరుసలో 'క్లేమోర్ - పెద్ద కత్తి - ఊరు కాదు' అని ఉంది. కింద 'కొడవలి - వంపు కత్తి - నాది' అని ఉంది. క్లేమోర్ అనే మాటలో ఒత్తు ఒకటి తప్పు పోయింది. నేను దిద్దలేదు. రెండు రోజుల తర్వాత ఆమే చూసుకుని దిద్దుకుంది.

ఆమె భర్త చాలా ఏండ్లు అదే దారిలో జీపు తోలినాడు.

సరే, పొద్దుపోయింది. వచ్చే శనివారానికి ఒక పని చెబుతాను. మీ ఇంట్లో కోసేవి, నరికేవి, చెక్కేవి, తవ్వేవి ఏమేమి ఉన్నాయో చూడండి. వాటి పేర్లు రాసుకుని రండి. పుస్తకంలో లేని పేరైనా ఫరవాలేదు. మీ అత్త ఒకటి, మీ అమ్మ ఒకటి చెబితే రెండూ రాయండి. అరవం మాటైనా, కన్నడం మాటైనా తెలుగు అక్షరాల్లోనే రాయండి. ఆ పేరు ఎందుకు వచ్చిందో ఇంట్లో ముసలివాళ్లను అడగండి. వాళ్లకు తెలియకపోతే ఇక్కడ అందరం కలిసి చూద్దాం. నాకు తెలియకపోతే ఈసారి నవ్వను. తెలియదనే చెబుతాను.

పోయేటప్పుడు కొడవళ్లు చూసుకుని తీసుకోండి. పోయినసారి ఒకరిది ఒకరు పట్టుకుపోయి తెల్లారి నా ఇంటి ముందుకు వచ్చినారు.